తిరుపతిలో ఎల్‌కేజీ ఫీజు కట్టబోయే వాళ్ళకు: దసరా తర్వాత సెక్షన్ ఏమవుతుందో ముందే అడగండి

వచ్చే ఏడాదికి అడ్మిషన్లు మొదలయ్యాయి. భవానీ నగర్ నుంచి ఎం.ఆర్.పల్లి దాకా ఎక్కడ చూసినా ఏదో ఒక ప్లే స్కూల్ బోర్డు వేలాడుతోంది. వాటిలో ‘క్లాసుకు 20 మందే’ అన్న మాట చూసి డబ్బు కట్టబోతున్నారా? ఆ ‘20 మంది’ అన్నది జూన్ నాటి లెక్క. దసరా సెలవుల తర్వాత లెక్క వేరే ఉంటుంది. అది అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

దసరా తర్వాత సెక్షన్లు కలిపేసిన మా పాప స్కూల్ పేరు రాయడం లేదు. రాస్తే మాటలన్నీ ఆ పేరు చుట్టూనే తిరుగుతాయి, అసలు సంగతి పక్కకు పోతుంది. పైగా మిగతా తల్లులతో మాట్లాడాక తెలిసింది, ఊళ్ళో ఈ పని చేస్తున్నది ఆ స్కూల్ ఒక్కటే కాదు.

మా పాపకు నాలుగేళ్ళు. చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఎల్‌కేజీకి మూడు సెక్షన్లు, ఒక్కోదానికి ఒక టీచర్, ఒక ఆయమ్మ అని తిప్పి చూపించారు. ఏడాదికి 42 వేలు, మూడు టర్ములుగా కట్టాలి. కిట్ పేరుతో ఇంకో ఐదువేలు. వ్యాన్ వేరే. ఇంతకంటే తక్కువకు మా ఇంటి దగ్గరే స్కూళ్ళున్నాయి. ఎక్కువ కట్టింది ఏసీ రూం కోసమో గోడల మీద బొమ్మల కోసమో కాదు, పిల్లలు తక్కువగా ఉంటారన్న ఒక్క మాట కోసం.

సెప్టెంబరు వరకు వంక పెట్టడానికి ఏమీ లేదు. టీచర్ చాలా ఓపికమనిషి. మా పాప ఒకటికి వస్తే నోరు తెరిచి చెప్పదు, ఫ్రాక్ అంచు నలుపుతూ నిలబడుతుంది. ఆవిడ కొద్దిరోజుల్లోనే అది పట్టేసింది. ఎవరి బాక్సులో పెరుగన్నం మిగిలిపోతుందో, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటే ఏడవరో అన్నీ ఆవిడకు తెలుసు. ఇలాంటివి డైరీలో ఎక్కడా రాసి ఉండవు, టీచర్ తలలోనే ఉంటాయి. టీచర్ పోతే అవీ పోతాయి.

ఆవిడ పోవడానికి కారణం మంచిదే. మెగా డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్షలో, ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) ఉద్యోగం వచ్చింది. 16,347 పోస్టులకు 2025 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు, సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు పంచారు. డీఎడ్ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) చేసి, ప్రైవేటు స్కూళ్ళలో చాలీచాలని జీతానికి ఏళ్ళ తరబడి చేస్తున్న వాళ్ళకు ఇది వదులుకునే అవకాశమా? ఆవిడను ఒక్క మాట కూడా అనను. నేను అంటున్నది యాజమాన్యాన్ని. తమ టీచర్లలో ఎవరు పరీక్ష రాశారో వాళ్ళకు జూన్‌లోనే తెలుసు. ఆగస్టులో మెరిట్ జాబితా వచ్చేసరికి ఎవరు వెళ్ళిపోతారో కూడా తెలుసు. కొత్త టీచర్‌ను వెతుక్కోవడానికి బోలెడంత టైం ఉంది. వెతకలేదు. ఎందుకంటే వెతక్కపోతే ఒక జీతం మిగులుతుంది.

ఇక్కడ ఫీజు తేదీ గమనించండి. రెండో టర్మ్ ఫీజు దసరా సెలవులకు ముందే కట్టాలి, ఆలస్యమైతే ఫైన్ అని మెసేజ్ మీద మెసేజ్ పంపారు. అందరం కట్టాం. సెలవులు అయిపోయి, రేపు స్కూల్ తెరుస్తారనగా రాత్రి వాట్సాప్‌లో వచ్చింది: అకడమిక్ కారణాల వల్ల సెక్షన్లు మార్చాం, పిల్లలను సహకరించేలా సిద్ధం చేయండి అని. నాలుగేళ్ళ పిల్లను రాత్రికి రాత్రి ఎలా సిద్ధం చేస్తారో వాళ్ళకే తెలియాలి. మూడు సెక్షన్లు రెండయ్యాయి. రూములో ముప్ఫై మందికి దగ్గర. ఆ గ్రూపులో మనం రిప్లై ఇవ్వడానికి ఉండదు, అడ్మిన్లు మాత్రమే రాయగలరు.

మర్నాడు వెళ్ళి అడిగితే ఇన్‌ఛార్జ్ మేడం, “పిల్లలు రెండురోజుల్లో అలవాటు పడిపోతారమ్మా, పెద్దవాళ్ళే టెన్షన్ పడతారు” అంది. ఈ మాట చాలామంది విని ఉంటారు. పిల్లలు అలవాటు పడతారు, నిజమే. కానీ ఎవరో దగ్గరుండి అలవాటు చేస్తేనే పడతారు. ఇక్కడ పాత టీచర్ నుంచి కొత్త టీచర్‌కు, అంటే కలిపిన సెక్షన్ చూసే టీచర్‌కు, అందిన సమాచారం పిల్లల పేర్ల జాబితా ఒక్కటే.

దాని ఫలితం చూడండి. మా పాపను మధ్యాహ్నం వాళ్ళ తాత వచ్చి తీసుకెళ్తాడు, ఉదయం మాత్రమే వ్యాన్. పాత టీచర్‌కు అది కంఠతా వచ్చు. కొత్త టీచర్ దగ్గర ఉన్న జాబితాలో పాప పేరు ఎదురుగా ‘వ్యాన్’ అని ఉంది. తాత గేటు దగ్గర నిలబడ్డాడు. పిల్లలందరూ వచ్చేస్తున్నారు, మనవరాలు రాదు. వాచ్‌మన్‌ను అడిగితే లోపల ఎవరూ లేరన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, షుగర్ ఉంది, ఎండలో ఆ గేటుకూ ఆఫీసు రూముకూ మధ్య తిరిగాడు. చివరికి కరకంబాడి రోడ్డు వైపు వెళ్ళే వ్యాన్‌లో, కిటికీ పక్కన, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ వ్యాన్ మా ఇంటి వైపు రానే రాదు. ఇంకో పిల్లాడి చెప్పు కనపడలేదని ఆయమ్మ వెతుకుతుంటే బండి ఆగింది కాబట్టి సరిపోయింది. స్కూల్ నుంచి సారీ రాలేదు. “ఏం కాలేదు కదమ్మా” అన్నారు.

ఇంట్లో జరిగింది చాలామందికి ఊహకు అందేదే. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దున్నే కడుపునొప్పి, వ్యాన్ వెళ్ళిపోగానే నొప్పి పోతుంది. పిల్లల డాక్టర్ చూసి, ఈ వయసులో అలవాటైన మనిషి మారితే ఇలా ఉంటుంది, తిట్టొద్దు, అబద్ధమాడుతోందని అనొద్దు, కొన్ని వారాలు చూద్దాం అన్నారు. అవ్వ మాత్రం దిష్టి తీసింది. రెండూ చేశాం, ఏది పనిచేసిందో అడక్కండి.

మాకు నిజంగా ఉపయోగపడినవి చిన్న చిన్న పనులు. పాత సెక్షన్‌లో పక్కన కూర్చునే పిల్లను, మా పాపను ఒకే సెక్షన్‌లో ఉంచమని ఇద్దరు తల్లులం కలిసి వెళ్ళి అడిగాం. ఒక్కరు అడిగితే కుదరదన్నది ఇద్దరం వెళ్తే కుదిరింది. కొత్త టీచర్‌కు ఒక కాగితం రాసిచ్చాను: ఒకటికి వస్తే ఏం చేస్తుంది, ఏ మందు పడదు, ఎవరు తీసుకెళ్తారు, ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితం తీసుకుంటూ ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళుంటాయి. ముప్ఫై మందిని ఒక్కసారిగా అప్పగించారు, ఆయమ్మను ఇంకో సెక్షన్‌తో పంచుకోవాలి. దయచేసి మీ కోపం కొత్త టీచర్ మీద చూపించకండి. పిల్ల రోజంతా ఉండేది ఆమె దగ్గరే.

ఇంకో రకం మార్పు కూడా ఉంది, దాన్ని ప్రమోషన్ అని అందంగా చెబుతారు. మీ బాబు చాలా షార్ప్, ఎల్‌కేజీ సిలబస్ అయిపోయింది, నవంబరు నుంచి యూకేజీలో కూర్చోబెడతాం అంటారు. ఫీజు తేడా, కొత్త పుస్తకాల కిట్ మనమే కట్టాలి. మన పిల్లాడు తెలివైనవాడంటే ఎవరికి చేదు? మా పాత సెక్షన్‌లో నలుగురు కట్టారు. వాళ్ళు ఆలోచించాల్సింది ఒకటుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి. ఇప్పుడు ఒక ఏడాది ముందుకు తోస్తే, ఒకటో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఐదేళ్ళ పిల్లాడు మిగులుతాడు. అప్పుడు వేరే స్కూల్‌కు మారాలంటే వాళ్ళు వయసు చూస్తారు, మళ్ళీ యూకేజీ అంటారు. ఈ స్కూల్‌కు మాత్రం ఎల్‌కేజీలో నాలుగు కుర్చీలు ఖాళీ అయ్యాయి, విజయదశమికి అక్షరాభ్యాసం చేయించి తీసుకొచ్చిన కొత్త పిల్లలు వాటిలో కూర్చున్నారు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది, లేనిపోని ఆశ పెట్టుకోకుండా ఉంటాం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళది. 30 మందికి ఒక టీచర్ అన్న నిబంధన ఒకటో తరగతి నుంచి మొదలవుతుంది, ఎల్‌కేజీని పట్టుకోదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు 20 మందికి ఒకరు ఉండాలని 2013 నాటి జాతీయ ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) విధానంలో ఉంది. అది విధానమే, ఉల్లంఘిస్తే జరిమానా వేసే చట్టం కాదు. అయినా ఆఫీసు రూములో ఆ మాట ఎత్తితే మాట్లాడే తీరు మారింది, కాబట్టి ఎత్తండి. వినియోగదారుల ఫోరానికి వెళ్దామని మా గ్రూపులో ఒకాయన అన్నాడు. కోచింగ్ సెంటర్లు తప్ప విద్యాసంస్థలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తీర్పిచ్చింది, అందుకని వకీలును అడక్కుండా ఆ దారిలో ఖర్చు పెట్టుకోకండి. జిల్లా విద్యాశాఖ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వచ్చు. సోమవారం తిరుచానూరు దగ్గర కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఇస్తే రసీదు నంబరు వస్తుంది. ఆ నంబరు చేతిలో ఉంటే స్కూల్ వాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెడతారు.

వీటన్నిటికంటే డబ్బు కట్టకముందు అడిగే ప్రశ్నలే ఎక్కువ పనిచేస్తాయి. నిరుడు జూన్‌లో ఎన్ని సెక్షన్లు, జనవరిలో ఎన్ని ఉన్నాయి అని అడగండి. జవాబు తడబడితే అర్థమైపోతుంది. టీచర్ మధ్యలో వెళ్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు, సెక్షన్లు కలిపితే మిగతా టర్మ్ ఫీజు తగ్గిస్తారా, పిల్లను మాన్పించుకుంటే ఎంత వెనక్కిస్తారు అన్నవి అడ్మిషన్ ఫారం వెనకైనా సరే రాయించి సంతకం తీసుకోండి. “అవన్నీ అవసరం లేదమ్మా, మా మీద నమ్మకం లేదా” అంటే లేచి వచ్చేయండి. మొత్తం ఫీజు ఒకేసారి కడితే పది శాతం తగ్గింపు అంటారు, ఆశపడకండి. టర్ముకు ఇంత అని కట్టుకుంటేనే మన చేతిలో ఏదైనా ఉంటుంది. స్కూల్ చూడటానికి అడ్మిషన్ మేళా రోజు కాకుండా మామూలు రోజు, ఇంటికి పంపే వేళకు వెళ్ళండి. గేటు దగ్గర పిల్లలను ఎవరు అప్పగిస్తున్నారో, పేరు చూసి పంపుతున్నారో లేదో పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

మా సంగతి ఇంకా తేలలేదు. రెండో టర్మ్ ఫీజులో కొంత మూడో టర్ముకు సర్దుతామని నోటిమాటగా అన్నారు, కాగితం మీద పెట్టమంటే కరస్పాండెంట్ సార్ ఊళ్ళో లేరంటున్నారు. ఇదే స్కూల్‌లో కలిపేసిన సెక్షన్ల తల్లిదండ్రులు ఎవరైనా దీన్ని చదువుతుంటే, రెండో టర్మ్ రసీదు, దసరా ముందు వచ్చిన ఫీజు మెసేజ్‌లు, సెక్షన్లు మార్చామన్న మెసేజ్ మూడూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గ్రూపులో పాత మెసేజ్‌లు ఒక్కొక్కటే డిలీట్ అవుతున్నాయి.