థైరాయిడ్ మాత్రలకు మా వీధి మందుల షాపు: మూడేళ్ల అనుభవం

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టుపక్కల మందుల షాపులకు కొదవ లేదు. అయినా మూడేళ్లుగా మా అమ్మ థైరాయిడ్ మాత్రల కోసం నేను వెళ్లేది మా వీధి మలుపులో ఒకే ఒక్క షట్టరున్న చిన్న దుకాణానికి. నెలనెలా కొనే మాత్ర ఒకటే అయినప్పుడు ఏ షాపులో కొంటే ఏమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. ఆ మాత్ర లీవోథైరాక్సిన్ అయితే మాత్రం కౌంటరు వెనుక నిలబడిన మనిషిని బట్టి చాలా తేడా ఉంటుందని తరువాత తెలిసివచ్చింది.

థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోను తయారుచేయలేనప్పుడు ఆ లోటు పూడ్చడానికి ఇచ్చే ఈ మందును మిల్లీగ్రాముల్లో కాక మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. 12.5 మొదలుకొని 25, 50, 75, 100 మీదుగా 150 దాకా రకరకాల మోతాదుల్లో దొరుకుతుంది. ఒకే కంపెనీ సీసాలను పక్కపక్కన పెడితే చాలాసార్లు అంకె ఒక్కటే తేడాగా కనిపిస్తుంది. ఇంతకుముందు మేము కొన్న వేరే షాపులో రద్దీ వేళ 75 బదులు 25 చేతిలో పెట్టారు, నేనూ చూసుకోలేదు. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం రోజులు పడుతుంది కనుక అమ్మకు తేడా వెంటనే తెలియలేదు. మూడో వారంలో మెట్లెక్కలేనంత నీరసమూ మలబద్ధకమూ మొదలయ్యాక సీసా తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. వెళ్లి అడిగితే, పొరపాటు ఒప్పుకోవడం అటుంచి, 'మూడు వేసుకుంటే సరిపోతుంది కదా సార్' అన్న జవాబు వచ్చింది. లెక్క ప్రకారం అది తప్పు కాకపోయినా ఆ నిర్లక్ష్యం నచ్చక షాపు మార్చాము.

ఇప్పటి షాపులో కూర్చునే ఫార్మసిస్టు నలభై ఏళ్ల లోపు మహిళ. చీటీలోని మోతాదును పైకి చదువుతారు, సీసాను మన వైపు తిప్పి అంకె మీద వేలు పెట్టి చూపిస్తారు, గడువు తేదీ కూడా చూపించాకే బిల్లు వేస్తారు. దీనంతటికీ అర నిమిషం పట్టదు. స్టాకు లేనప్పుడు మరో కంపెనీ మాత్ర ఇచ్చి పంపించరు. రెండు రోజుల్లో తెప్పిస్తామంటారు, లేదా డాక్టరును అడిగి రమ్మంటారు. ఈ మందులో కొద్దిపాటి హెచ్చుతగ్గు కూడా రక్తపరీక్షలో కనిపిస్తుంది కాబట్టి కంపెనీ మారితే ఆరు వారాల తరువాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలకపోతే రక్తంలో పెరిగే అంకె) మళ్లీ చూపించుకోవాలని ఆమె చెప్పిన మాటను మా డాక్టరూ సరేనన్నారు.

ఆమె మీద నాకు నిజంగా గురి కుదిరింది మాత్రం పోయిన ఏడాది. అమ్మ టీఎస్‌హెచ్ 7.8కి పెరిగింది, మోతాదు పెంచే ఆలోచనలో డాక్టరు ఉన్నారు. ఆ రోజు అమ్మ కూడా నాతో వచ్చింది. ఒకే బిల్లులో థైరాయిడ్ మాత్రలూ మోకాళ్ల నొప్పులకు రాసిన కాల్షియం మాత్రలూ పడటం చూసి ఆమె చేయి ఆపారు.

"ఏం మా, ఈ రెండూ ఎప్పుడెప్పుడు వేసుకుంటా ఉండారు?"

"పొద్దున్నే రెండూ కలిపి మింగేస్తా మా. మళ్లీ మర్చిపోతానని."

కాల్షియం, ఐరన్ మాత్రలూ, కడుపులో మంటకు వేసుకునే కొన్ని యాంటాసిడ్లూ ఈ మందును పేగుల్లోనే పట్టి ఉంచి రక్తంలోకి పూర్తిగా చేరనివ్వవని, అందువల్ల మధ్యలో కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలని ఆమె వివరించి, కాల్షియం డబ్బా మీద స్కెచ్ పెన్నుతో 'అన్నం తిన్నాక, మధ్యాహ్నం' అని రాసిచ్చారు. మోతాదు సంగతి మాత్రం తనది కాదని, ఈ విషయం డాక్టరుకు చెప్పమని అన్నారు. డాక్టరు విని పాత మోతాదునే కొనసాగించమన్నారు. ఏడు వారాల తరువాత టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది. పొద్దున పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకున్నాక అరగంట నుంచి గంట వరకు కాఫీ కూడా తాగకూడదన్న నియమం అమ్మకు అన్నిటికన్నా కష్టమైనది. డికాక్షన్ దిగుతున్న వాసన ముందు గడియారం చూస్తూ కూర్చోవడం చిన్న తపస్సేమీ కాదు.

ఇంకొక రోజు ఒకావిడ వచ్చి, ఈ మాత్రతో స్నేహితురాలు సన్నబడిందని చెప్పి, చీటీ లేకుండా 100 మైక్రోగ్రాముల సీసా అడిగింది. ఈ షాపులో ఇవ్వలేదు. అవసరం లేనివాళ్లు వాడితే గుండె దడ, లయ తప్పిన గుండెచప్పుడు, ఎముకలు బలహీనపడటం వంటివి వస్తాయని మెల్లగా చెప్పి పంపారు.

లోపాలు లేవని చెప్పను. ఆమె సాయంత్రం ఏడు తరువాత ఉండరు. ఆ వేళకు ఉండే కుర్రాడు సీసా విప్పి ముప్పై మాత్రలు లెక్కపెట్టి కాగితపు కవరులో పోసి ఇవ్వబోయాడు. వెలుతురూ తేమా తగిలితే పాడయ్యే మందును అలా ఇవ్వడం సరికాదు, పైగా మోతాదూ గడువు తేదీ సీసా మీదే ఉండిపోతాయి. నేను నిండు సీసానే అడిగి తీసుకున్నాను. షాపు పడమటి ముఖం కావడంతో మే నెల మధ్యాహ్నాల్లో ముందు అర మీద నేరుగా ఎండ పడుతుంది. మా సీసా మీద 25 డిగ్రీలు దాటకుండా ఉంచమని ఉంది, తిరుపతి ఎండేమో 40 దాటుతుంది. చెప్పాక థైరాయిడ్ మందులను లోపలి అరకు మార్చారు, తక్కినవి అక్కడే ఉన్నాయి. మరొకటి, ఏడాది పాత చీటీ మీద కూడా అడగకుండా ఇచ్చేస్తున్నారు. ఒక్కసారైనా 'ఈమధ్య పరీక్ష చేయించారా' అని అడిగి ఉంటే 7.8 దాకా పోకుండా ముందే తెలిసేదేమో.

ధర గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఈ మందు జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నందున ధరకు పైపరిమితి ఉంది, పెద్ద షాపుల డిస్కౌంటుతో నెలకు మిగిలేది టీ ఖర్చే. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసి ఉంటుంది. ఈ మాత్ర రోజూ పడాల్సినది కనుక సీసాలో పది మిగిలినప్పుడే, అదీ సాయంత్రం ఏడు లోపల, చీటీతో వెళ్లడం మంచిది.