టెన్త్ అయిన పిల్లలకు జిమ్మా, షటిల్ కోచింగా, ఇంట్లో కసరత్తా?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. “మాస్టారూ, మావాడు జిమ్‌లో చేరతానని ఒకటే గొడవ. చేర్చమంటారా, షటిల్ కోచింగ్‌కి పంపమంటారా?” అని. విజయవాడలో డ్రిల్లు మాస్టారుగా ఇరవై రెండేళ్లు చేశాను. అడిగినవాళ్లకు ఎప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి. ఈ ఏడాది టెన్త్ రాసి మా చిన్నోడే అదే మాట అడిగేసరికి నిదానంగా కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది.

ముందు జిమ్ సంగతి. బరువులు ఎత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. అది నిజం కాదు. నేర్పేవాళ్లు పక్కనుండి, ఓపికకు తగిన బరువుతో చేయిస్తే ఎదుగుదలకు అడ్డేమీ రాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి కూడా చిన్న వయసులోనే బరువులు పట్టారు. అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఈ వయసులో ఎముకల చివర్లు ఇంకా పూర్తిగా గట్టిపడవు. పక్కవాడితో పోటీపడి, మోయలేని బరువును వంకరగా ఎత్తితే దెబ్బ అక్కడ తగులుతుంది. నేను చూసిన వీధి జిమ్‌లలో సాయంత్రం ఆరింటికి ఒక్క ట్రైనర్ చుట్టూ ఇరవై, ముప్పై మంది. పదిహేనేళ్ల పిల్లాడి నడుము ఎలా వంగుతోందో చూసే తీరిక ఆయనకెక్కడిది?

ఆ మధ్య ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు మూడు నెలలు జిమ్‌కి వెళ్లొచ్చి, “మాస్టారూ, నలభై కిలోలు ఎత్తుతున్నా” అన్నాడు. సరే నాయనా, పది దండీలు (పుష్-అప్స్) తియ్యమన్నాను. నాలుగోదానికే నడుము కిందికి జారింది, మోచేతులు రెండు పక్కలకీ విచ్చుకున్నాయి, మెడ ఒక్కటే పైకీ కిందికీ ఆడుతోంది. తన ఒంటి బరువునే నిటారుగా మోయలేనివాడి చేతికి ఇనుము ఇవ్వడం తొందరపాటు. వాడి తప్పు కాదు, నేర్పే వరస తప్పింది. ప్రోటీన్ పౌడర్ డబ్బాల గురించి కూడా చాలామంది అడుగుతారు. గుడ్డు, పప్పు, పాలు, వేరుశనగలు వేళకు తింటుంటే ఈ వయసు పిల్లలకు ఆ డబ్బా అక్కర్లేదు.

షటిల్ మీద నాకు ప్రేమ ఎక్కువ. పరుగు, గెంతు, చూపు, ఒడుపు అన్నీ ఒక్క ఆటలోనే వస్తాయి. స్నేహితుడు ఎదురుచూస్తుంటాడు కాబట్టి బద్ధకించకుండా వెళతారు. పైగా ఇండోర్ కోర్టయితే బెజవాడ ఎండ బాధ ఉండదు. కబడ్డీ, బాస్కెట్‌బాల్, వాలీబాల్ కూడా ఇంతే మేలు. కుదిరినంత కాలం ఆట మించింది లేదు.

ఆ ‘కుదిరినంత కాలం’ దగ్గరే చిక్కు. ఇంటర్ సీటు కోసం వెళ్లినప్పుడు నేను అడిగింది ఒక్కటే: “సాయంత్రం పిల్లల్ని గ్రౌండ్‌కి వదులుతారా?” అరగంట బ్రేక్ ఉందన్నారు. టిఫిన్ కూడా అందులోనే. ఆడుకోవడానికి చోటెక్కడని అడిగితే కారిడార్ చూపించారు. టెన్త్ దాకా స్కూలు టీముల్లో ఆడి, ఇంటర్ రెండేళ్లలో మెట్లెక్కితే ఆయాసపడే స్థితికొచ్చిన పిల్లల్ని ఏటా చూస్తున్నాను. వాళ్లకు ఆట రాక కాదు. కోర్టు లేదు, తోడు లేదు, గంట టైము లేదు. అందుకే నేను ఇప్పుడు చూసేది ఇదొక్కటే: ఇంటర్‌లో చేరాక కూడా నిలిచేది ఏది?

దండీలు, బస్కీలు, తాడాట (స్కిప్పింగ్). వీటికి మంచం పక్కనున్న జాగా చాలు. మా చిన్నోడికి మేడ మెట్ల దగ్గర మొదలుపెట్టాను. కాళ్లు నేల మీద, చేతులు నాలుగో మెట్టు మీద. తల నుంచి మడమ దాకా ఒకే గీత, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా. పన్నెండు తప్పులేకుండా వస్తే ఒక మెట్టు కిందికి. రెండు వారాలు నాలుగో మెట్టు మీదే ఉన్నాడు, తర్వాత మూడుకి దిగాడు. నేల మీదికి రావడానికి మరో రెండు నెలలు పట్టేలా ఉంది, పట్టనీ. బస్కీలకు వెనక ఒక స్టూలు పెట్టి, దానికి తగిలీ తగలకుండా కూర్చుని లేవమన్నాను. ఇందులో లోటు లేకపోలేదు: వీపుకి, చేతులకి లాగే పని దొరకదు. అందుకని గుమ్మానికి కాకుండా గోడకు గట్టిగా బిగించిన ఇనప కడ్డీకి వేలాడమంటున్నాను.

ఆడపిల్లల తల్లులకు తాడాట గురించి గట్టిగా చెబుతాను. ఎనిమిదో తరగతి దాటాక వాళ్లు గ్రౌండ్‌కి రావడం తగ్గిపోతుంది. సరిగ్గా ఎముక బలం కూడబెట్టుకునే వయసది. గెంతులు, పరుగులు అందుకు బాగా పనికొస్తాయి. మేడ మీద పొద్దున్నే పది నిమిషాలు, మధ్యమధ్యలో ఆగుతూ గెంతినా మంచిదే. నెలసరి రోజుల్లో మానాలన్న నియమమేమీ లేదు, ఒంట్లో ఎలా ఉంటే అలా.

నడక మంచిదే, కానీ ఈ వయసుకి అదొక్కటే చాలదు. యోగా చేసేవాళ్లు చేసుకోవచ్చు, ఒళ్లు వంగుతుంది. అయితే గుండె వేగం పెరిగే పని వేరే చూసుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలి గుండె వేగం పెరిగే పని ఉండాలంటుంది. అందులో కండకు, ఎముకకు బలమిచ్చేవి వారానికి కనీసం 3 రోజులు. గంట అనగానే బెంబేలు పడకండి, ఒకేసారి చేయాలని లేదు. మావాడికి నేను వేసిన లెక్క ఇది: సెలవులున్నన్నాళ్లూ రోజూ షటిల్, ఎండ ముదరకముందే. సోమ, బుధ, శుక్ర వారాల్లో ఇరవై నిమిషాలు మెట్ల దగ్గర. జిమ్ ఇంటర్ అయ్యాక చూద్దామన్నాను. మొహం ముడుచుకున్నాడు గానీ, నిన్న పొద్దున నేను లేచేసరికి మూడో మెట్టు మీద పదకొండోది తీస్తున్నాడు.