నల్లబడిన పాలిష్ తలుపుల మీద తెల్లరంగు: ఐదేళ్ళ వాడకం తర్వాత

ముందే చెప్పేస్తా, నేను పెయింటర్ని కాదు, ఏ కంపెనీ డబ్బా పేరూ ఇక్కడ రాయను. నెల్లూరులో మా మామయ్యగారు 1994లో కట్టించిన ఇల్లు మాది. తలుపులు, కిటికీలు, గోడ అల్మారాలు దాదాపు అన్నీ టేకే, వంటింటి కిటికీలు తప్ప అన్నిటికీ ముదురు గోధుమరంగు పాలిష్. కొత్తలో ఎలా మెరిసేదో గానీ నేను కాపురానికి వచ్చేసరికే నల్లబడిపోయింది. పక్కింటి గోడ అడ్డం ఉండే మా పడకగదిలో మధ్యాహ్నం మూడింటికి కూడా ట్యూబులైటు వేస్తే గానీ చేతిలో ఉన్న జాకెట్టు నల్లదో నీలందో తెలిసేది కాదు.

2020 ఫిబ్రవరిలో పెయింటర్ని పిలిచాం. మామయ్యగారు మూడు రోజులు ముభావంగా తిరిగారు. "టేకు మీద రంగేసేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదమ్మా" అన్నారు. చివరికి వీధి తలుపు జోలికి మాత్రం వెళ్ళకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

వచ్చినాయన గుడ్డతో దుమ్ము తుడిచి, ఉప్పు కాగితం పైపైన నాలుగుసార్లు ఆడించి, ఎనామిల్ డబ్బా తెరిచేశాడు. రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత, అదే ప్రైమర్, అక్కర్లేదా అని అడిగితే "పాత పాలిషే ప్రైమర్ అక్కా" అన్నాడు. రెండు రోజుల్లో పడకగది తలుపు, హాల్లో ఒక కిటికీ అయిపోయాయి. చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. అంతలో లాక్‌డౌన్ వచ్చింది, మిగతా పని అక్కడే ఆగిపోయింది. అలా ఆగడమే మంచిదైంది, ఎందుకంటే మే నెలకల్లా పడకగది తలుపు గడియ దగ్గర గోరు తగిలి చిన్న పెచ్చు లేచింది. చిన్నప్పుడు అరచేతికి ఫెవికాల్ రాసుకుని ఆరాక ఒలిచేవాళ్ళం చూడండి, పట్టి లాగితే అచ్చం అలా జానెడు పొర ఊడొచ్చింది. కింద పాత పాలిష్ చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది. నున్నటి, జిడ్డు పట్టిన పాలిష్ మీద రంగు అతుక్కోలేదు, ఊరికే కూర్చుందంతే.

షాపులు తెరిచాక మిగతాది నేనూ మా ఆయనా చేశాం. మొదట పాత పాలిష్ ఏ రకమో తెలుసుకోవాలి. దూదిని స్పిరిట్‌లో ముంచి మూల మీద రుద్దితే గోధుమరంగు దూదికి అంటుకుని చెక్క జిగురుజిగురుగా అయింది, అంటే అది లక్కతో చేసిన పాత స్పిరిట్ పాలిష్. మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) లాంటి కొత్తరకం పాలిష్‌లైతే స్పిరిట్‌కి అలా కరగవు. ఈ చిన్న పరీక్ష చేసుకోకుండా నేరుగా కాగితంతో రుద్దడం మొదలుపెడితే, రాపిడి వేడికి లక్క మెత్తబడి కాగితం పళ్ళన్నీ పూడిపోతాయి. మాకు మొదటి అల్మారా దగ్గర గంటకు ఆరు కాగితాలు అలాగే పాడయ్యాయి. తర్వాత పద్ధతి మార్చాం: సబ్బునీళ్ళతో జిడ్డు కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, స్పిరిట్ గుడ్డతో పాలిష్ వీలైనంత తీసేసి, అప్పుడు 120 నంబరు ఉప్పు కాగితం, దాని మీద ఇంకా నున్నటి 220 నంబరు, రెండూ చెక్క నార వెంబడే. స్పిరిట్ వాడేటప్పుడు దేవుడి గదిలో దీపం, వంటింట్లో పొయ్యి రెండూ ఆపేయండి, కిటికీలన్నీ తెరిచి పెట్టండి.

వంటింటి కిటికీలకు మాత్రం కట్టినప్పటి నుంచీ ఆకుపచ్చ ఎనామిల్. దాన్ని పొడిగా రుద్దలేదు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, కాబట్టి అంతకుముందటి రంగులో సీసం ఉందనుకోవడమే క్షేమం. నీళ్ళతో తడిపి రుద్దే కాగితం తెచ్చి, తడిగుడ్డతో తుడుచుకుంటూ చేశాం, పిల్లల్ని మేడ మీదికి తరిమేసి.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది ప్రైమర్. వాసన ఉండదని మొదటి అల్మారాకు నీళ్ళ ప్రైమర్ వేశా. పొద్దున లేచి చూస్తే తెల్లటి తలుపు మీద టీ ఒలికినట్టు పసుపుపచ్చ మరకలు. ఇంకో కోటు వేశా, మళ్ళీ మరకలు. టేకులో ఉండే టానిన్లనే మరకలు పట్టించే పదార్థాలు నీటిలో కరిగి పైకి వస్తాయట, అంటే నేను నీళ్ళ ప్రైమర్ వేసిన కొద్దీ వాటిని పైకి పిలుస్తున్నానన్నమాట. టర్పెంటైన్ కలిపే వుడ్ ప్రైమర్ తెచ్చి ఒక కోటు వేసి పూర్తిగా ఒక రోజు వదిలేశాక ఆగాయి. తమాషా ఏమిటంటే, మైనం తీసేసిన లక్కతో చేసిన ప్రైమర్లు ఇలాంటి మరకలు ఆపడానికే అమ్ముతారు. మేం చేతులు నొప్పెట్టేలా గీకి పారేసింది దాని అన్ననో తమ్ముణ్ణో!

లప్పం గురించి పెద్దగా చెప్పడానికి లేదు, మేకు గుంతలు, పగుళ్ళు పూడ్చాం, అంతే. చెక్క గీతలు సన్నగా కనిపిస్తున్నాయి, నాకవే ఇష్టం.

రంగు వేసేది రోహిణి ఎండలో పెట్టుకోకండి. నెల్లూరు ఎండకు బ్రష్ రెండోసారి తిప్పేలోపే ఎనామిల్ బిగుసుకుపోయి చారలు పడతాయి. మేం తెల్లారి ఐదున్నరకు మొదలెట్టి తొమ్మిదికల్లా ఆపేసేవాళ్ళం, ఒక్కో అల్మారాకు దాదాపు ఎనిమిది రోజులు పట్టింది.

ఇక వాడకం సంగతి. మేం చేసిన అల్మారాల్లో ఒక్క చోట కూడా పొర లేవలేదు. కానీ నూనె ఎనామిల్ వేసినవి వెలుతురు తగలని చోట పసుపెక్కాయి: తలుపు లోపలి వైపు, ఇంకా తమాషాగా, డిసెంబరు చివర్లో అల్మారా మీది క్యాలెండరు తీస్తే దాని కొలతలకు సరిపడా లేత పసుపు చదరం కనిపించింది. పడకగది కిటికీలకు నీళ్ళతో కలిపే ఎనామిల్ వేశా, కింద మాత్రం టర్పెంటైన్ ప్రైమరే. అవి ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. మళ్ళీ చేస్తే అంతటా అదే వేస్తా.

ఆ కిటికీల దగ్గర ఒక తప్పు చేశా. చేతికి అంటట్లేదు కదా అని మూడో రోజే రెక్కలు మూసేశాం. వారం తర్వాత తెరవబోతే రెండు అంచులూ అతుక్కుపోయి, లాగితే చెక్క దాకా ఊడింది. రంగు పైన ఆరడం వేరు, లోపల గట్టిపడడం వేరు, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇప్పుడు అంచులకు కొవ్వొత్తి రుద్దుతుంటాను. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పటి వానలకు తలుపులు ఉబ్బి ద్వారబంధానికి రాసుకున్న చోట తెలుపు పోయి గోధుమ గీత పడింది. ముందే అంచు కొంచెం చిత్రిక పట్టించి ఉండాల్సింది.

ఇంకోటి, పిడుల చుట్టూ వేలిముద్రలు. నల్ల పాలిష్ పాతికేళ్ళు దాచిన మురికి తెల్లరంగు రెండు రోజులు కూడా దాచదు. పిల్లలున్న ఇంట్లో వారానికోసారి తడిగుడ్డ తప్పదు. అయినా మా పడకగదిలో ఇప్పుడు పగటిపూట లైటు వెయ్యడం లేదు, కాబట్టి నాకు గిట్టుబాటే.

వీధి తలుపుకు పోయినేడాది పాత రంగులోనే పాలిష్ చేయించాం. పెయింటర్ వేసిన పడకగది తలుపు మాత్రం ఇంకా అలాగే ఉంది, గీకి మళ్ళీ చెయ్యడానికి నాకు ఓపిక లేదు. మామయ్యగారు పొద్దున పేపరు పట్టుకుని ఆ తలుపు పక్కనే కుర్చీ వేసుకుంటారు. చదువుతూ చదువుతూ గోటితో ఒక్కో పెచ్చు ఒలుస్తుంటారు, నేను చూశానంటే "నేనేం చెయ్యలేదమ్మా, అదే ఊడొస్తుండాది" అంటారు.