పాత డిస్క్‌లోని 500 జీబీ: లైన్ మీద పంపడమా, చేత్తో పట్టుకెళ్లడమా?

సికింద్రాబాద్‌లో ఒక ఫొటో స్టూడియో ఉందనుకుందాం. 500 జీబీ పాత సాటా (కంప్యూటర్ లోపల డిస్క్‌ను కలిపే తీగ రకం) డిస్క్ నిండా పెళ్లి ఫొటోలు. డిస్క్ యూఎస్‌బీ 2.0 కేసింగ్‌లో, అంటే దాన్ని బయటినుంచి కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో ఉంది. ఆ ఫొటోలు గచ్చిబౌలిలో ఆల్బమ్ చేసేవాళ్లకు చేరాలి. నెట్ ప్లాన్ పెంచాలా, కేసింగ్ మార్చాలా, డిస్క్‌నే సంచిలో వేసుకుని బయల్దేరాలా? మూడింటినీ ఒకే కొలతలోకి తెస్తే జవాబు దొరుకుతుంది. చాలామంది తడబడేది ఆ కొలత దగ్గరే.

నెట్ లైన్ వేగాన్ని మెగాబిట్లలో అమ్ముతారు, డిస్క్ వేగాన్ని మెగాబైట్లలో చెబుతారు. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి లైన్ అంకెను 8తో భాగించాలి. 100 మెగాబిట్ల లైన్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. డేటాను ముక్కలు (ప్యాకెట్లు) చేసి ఒక్కో దానికీ చిరునామా తగిలించే పైఖర్చు కింద అయిదు శాతం దాకా పోతుంది, 11.9 మిగులుతుంది. విండోస్ వెయ్యికి బదులు 1024 లెక్కన చూపిస్తుంది కాబట్టి తెర మీద కనిపించేది 11.3. ఆ అంకె చూసి లైన్ తక్కువ ఇస్తోందని ఫిర్యాదు చేయకండి, రావాల్సినంతా వస్తోంది. 500 జీబీ డిస్క్ 465గా కనిపించడానికీ కారణం ఇదే.

సాటా, యూఎస్‌బీ 3.0 దగ్గర మాత్రం 8తో భాగిస్తే లెక్క తప్పుతుంది. అక్కడ ప్రతి బైటూ తీగ మీద 10 బిట్లుగా వెళ్తుంది. సాటా మొదటి తరం 1.5 గిగాబిట్లంటే 150 మెగాబైట్లే, 187 కాదు. యూఎస్‌బీ 3.0 చెప్పే 5 గిగాబిట్లు 500 మెగాబైట్లు. గిగాబిట్ ఈథర్‌నెట్‌లో (ల్యాన్ కేబుల్ లైన్) ఆ అదనపు బిట్లను ముందే తీసేసి అంకె చెబుతారు, అందుకే దానికి మళ్లీ 8. పాత మోడెమ్ సీరియల్ పోర్టుకు 10: ప్రతి బైటుకూ ఒక స్టార్ట్ బిట్, ఒక స్టాప్ బిట్ తోడవుతాయి. వేగం 115200 బిట్లకు పెడితే సెకనుకు 11,520 బైట్లు వస్తాయి.    

ఇక మన స్టూడియో లెక్క. యూఎస్‌బీ 2.0 కాగితం మీద 60 మెగాబైట్లు, చేతికొచ్చేది 32 అటూ ఇటూ. అదే డిస్క్‌ను నేరుగా సాటాకు తగిలిస్తే లోపల తిరిగే పళ్లెం అంచున 100, లోపలి వలయాల్లో 50, సగటున 75 వస్తుందనుకుందాం. 100 మెగాబిట్ల ప్లాన్‌లో 500 జీబీ వెళ్లడానికి 11 గంటల 42 నిమిషాలు. 300 ప్లాన్‌కు మారితే లైన్ 35.6 మోయగలదు, కానీ కేసింగ్ 32 దగ్గరే ఆగుతుంది: 4 గంటల 20 నిమిషాలు. 500కు మారినా, వెయ్యికి మారినా అవే 4 గంటల 20 నిమిషాలు. పెంచిన డబ్బంతా వృథా.

అదే గిగాబిట్ ప్లాన్‌లో యూఎస్‌బీ 3.0 కేసింగ్ పెడితే డిస్కే హద్దవుతుంది, గంటా 51 నిమిషాల్లో పని అయిపోతుంది. అందుకే నా ఓటు ముందు కేసింగ్‌కు, తర్వాతే ప్లాన్‌కు. అయితే ప్లాన్‌లో రాసిన వేగం అప్‌లోడ్‌కూ వర్తిస్తుందో లేదో, ఎఫ్‌యూపీ హద్దు (ఇంత డేటా దాటితే వేగం తగ్గించే నియమం) ఎంతో, అవతలివాళ్ల లైన్ ఎంతో చూసుకోవాలి. క్లౌడ్‌లో పెట్టి అక్కడినుంచి దింపుకుంటే ఆ దింపే సమయమూ కలుస్తుంది.

కేసింగ్ కొన్నాక కేబుల్ దగ్గర జాగ్రత్త. చిన్న డిస్క్ కేసింగ్‌లకు వచ్చే వెడల్పాటి మైక్రో-బి సాకెట్‌లో ఒక సగానికి పాత సన్న మైక్రో కేబుల్ కూడా చక్కగా పడుతుంది. లైటు వెలుగుతుంది, ఫైళ్లు కనిపిస్తాయి, వేగం మాత్రం యూఎస్‌బీ 2.0దే. 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టుల అడాప్టర్ తప్పనిసరి. సాటాకు ముందటి ఐడీఈ రకం డిస్కయితే దాని వెనుక ఉండే జంపర్ (చిన్న క్లిప్) మాస్టర్ స్థానంలో ఉండాలి. నేరుగా మదర్‌బోర్డుకు తగిలిస్తే 80 తీగల కేబుల్ వాడాలి, 40 తీగలదైతే 33 మెగాబైట్లు దాటదు. ల్యాన్ కేబుల్‌లోనూ ఇలాంటి మోసమే: 4, 5, 7, 8 పిన్నుల్లో ఒక్కటి కనెక్టర్‌లో సరిగా బిగుసుకోకపోయినా లింక్ 1000 నుంచి 100కు పడిపోతుంది.

మూడో దారి, మోసుకెళ్లడం. సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర, అక్కడ సాటాకు తగిలించి కాపీకి గంటా 51 నిమిషాలు. మొత్తం 3 గంటల 21 నిమిషాలు, అంటే సుమారు 350 మెగాబిట్ల లైన్‌తో సమానం. ఒక్కసారి పనికి ఇదే మేలు, పైసా ప్లాన్ ఖర్చు లేదు. కానీ ఉన్న ఒకే ఒక్క ప్రతిని బండి మీద వేసుకెళ్లడం నేను ఒప్పుకోను. ముందు నకలు తీసి, ఆ నకలును పట్టుకెళ్లాలి. ఆ కాపీ సమయం కలిపితే ఆధిక్యం కరిగిపోతుంది. రోజూ 20 జీబీ పంపే స్టూడియోకైతే లైనే మేలు: 100 మెగాబిట్లకే 28 నిమిషాల్లో వెళ్లిపోతుంది.

ఈ అంకెలన్నీ పెద్ద ఫొటోలకే. పది కిలోబైట్ల చిన్న ఫైళ్లు నాలుగు లక్షలుంటే ఒక్కో దానికీ డిస్క్ ముల్లు వెతుక్కోవడానికి 13 మిల్లీసెకన్లు పోతాయి. 4 జీబీకే గంటన్నర దగ్గరపడుతుంది. అలాంటప్పుడు ఫైళ్లను విడివిడిగా కాకుండా డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా (ఒకే పెద్ద ఫైలుగా) తీయండి, వరసగా చదువుతుంది కాబట్టి ముల్లు అటూ ఇటూ దూకదు. చేరాక రెండు వైపులా చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె) సరిచూడాలి. దానికోసం పాత డిస్క్‌ను మళ్లీ మొదటినుంచి చదవాలి. సాటా లేదా యూఎస్‌బీ 3.0 మీద దాదాపు రెండు గంటలు పట్టే ఆ పనిని ఏ దారిన పంపినా లెక్కలో వేసుకోవాల్సిందే.