సేఫ్టీ కారా, రెడ్ ఫ్లాగా?

నవంబరు వానల్లో కావలి నుంచి నెల్లూరుకి హైవే మీద లారీ వెనక బైక్ నడిపినవాళ్లకి ఫార్ములా వన్ వాన రేసు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పైనుంచి పడే వానకన్నా ముందు చక్రాలు ఎగజిమ్మే తుంపరే కళ్లు కప్పేస్తుంది.

వాన ముదిరితే నిర్వాహకులకి రెండు దారులు: సేఫ్టీ కారు పంపడం, లేదా రెడ్ ఫ్లాగ్ చూపి రేసు ఆపడం. సేఫ్టీ కారంటే రేసు కార్ల ముందు నెమ్మదిగా నడిచే నిర్వాహకుల కారు. అది వస్తే అందరూ దాని వెనకే, ఓవర్‌టేక్ చేయకుండా పోవాలి. రేసు ఆగదు, ల్యాపులు లెక్కకొస్తాయి. తుంపర మాత్రం పూర్తిగా పోదు. పైగా నెమ్మదిగా పోతే టైర్లు చల్లారి పట్టు పోతుంది. 2021లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ఇదే చేశారు. నిజమైన పోటీ ఒక్క ల్యాపూ లేకుండానే సగం పాయింట్లు పంచేశారు. టికెట్ కొని తడిసినవాళ్లని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెడ్ ఫ్లాగ్ పడితే కార్లన్నీ ట్రాక్ పక్కన టీములుండే పిట్ లేన్‌లోకి. చూసేవాళ్లకి విసుగే. 2011 కెనడా రేసుని రెండు గంటలకు పైగా ఆపారు. కానీ మళ్లీ మొదలయ్యాక, ఒక దశలో చివరి స్థానానికి పడిపోయిన డ్రైవర్ జెన్సన్ బటన్ ఆఖరి ల్యాపులో, ముందున్న సెబాస్టియన్ వెటెల్‌ని దాటి గెలిచాడు!

నా ఓటు ఎర్రజెండాకే. 2014లో జపాన్‌లోని సుజుకాలో వానలో రేసు ఆపకుండా, జాగ్రత్త అని హెచ్చరించే పసుపు జెండాలు ఊపుతున్న చోటే డ్రైవర్ జూల్స్ బియాంకీ కారు జారి, వేరే కారును తీస్తున్న ట్రాక్టరును గుద్దింది. మరుసటి ఏడాది అతను చనిపోయాడు.