సౌండ్ ఆఫ్ మ్యూజిక్: సినిమాలో పాడినదా, టీవీలో పాడినదా? ఏది మేలు?

విశాఖలో పాటంటే ప్రాణం పెట్టేవాళ్ల మధ్య ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ ప్రస్తావన వస్తే తీర్పు ముందే ఖాయమైపోతుంది: 1965 సినిమాలో జూలీ ఆండ్రూస్ పాడాక ఇంకెవరు పాడినా దండగేనని. మఠం నుంచి వచ్చిన మారియా అనే అమ్మాయి ఓ కెప్టెన్ ఇంట్లో పిల్లలకు పాటలు నేర్పే కథ ఇది. 2013 డిసెంబర్‌లో అమెరికా ఎన్‌బీసీ ఛానల్ ఇదే కథను లైవ్‌గా ప్రసారం చేస్తే, అందులో మారియాగా వేసిన క్యారీ అండర్‌వుడ్ మీద అక్కడా ఇదే మాట పడింది. నా లెక్కలో ఆ తీర్పు సగమే సరైనది.

ముందు ఎవరు ఏ పరిస్థితుల్లో పాడారో చూడాలి. సినిమా పాటలు స్టూడియోలో రికార్డు చేసి పెట్టుకున్నవి. కొండ మీద తొలి పాట తీస్తున్నప్పుడు హెలికాప్టర్ గాలికి ఆండ్రూస్ ప్రతి టేక్‌లోనూ గడ్డిలో పడిపోయేదట. అక్కడ నిలబడి పాడటం జరిగే పని కాదు. టీవీలో అలా కాదు, దాదాపు మూడు గంటలు ఏకబిగిన నటిస్తూ పాడాలి, రీటేక్ లేదు. పైగా ఎదురుగా ప్రేక్షకులు లేరు. మన పద్యనాటకంలో రాగం బాగా తీస్తే ‘వన్స్ మోర్’ అంటారు, ఆ ఊపుతో తర్వాతి పద్యం ఇంకా బాగా వస్తుంది. ఆ సెట్లో చప్పట్లు కూడా లేవు.

ఇక మారియా. మా పిన్ని విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంది. టీవీది చూసి, “శ్రుతి కలిసింది, గొంతు నిండుగా ఉంది, ఇంకేం కావాలే నీకు?” అంది. “మాటలోంచి పాట పుట్టాలి కదా పిన్నీ,” అన్నాను. పిల్లలకు స్వరాలు నేర్పే పాట ‘డో-రే-మీ’ మొదలు వినండి. ఆండ్రూస్ పిల్లలకు పాఠం చెబుతున్నట్టే ఎత్తుకుంటుంది, ఎక్కడ మాట ఆగి ఎక్కడ స్వరం మొదలైందో పట్టుకోలేం. అండర్‌వుడ్ దగ్గర డైలాగ్ అయిపోయి, అప్పుడు పాట మొదలవుతుంది. ఆ అతుకు వినపడుతుంది. ఆండ్రూస్ పలుకులో పదం చివరి హల్లు కూడా స్పష్టం. మన పిల్లలు ఇంగ్లిష్ పాటల్లో మింగేసేది అదే. అందుకే నేను నేర్పే క్వయర్‌లో, అంటే బృందగానంలో, వాళ్లకు ఈ పాట నేర్పేటప్పుడు సినిమాదే పెడతాను. కానీ ‘లోన్లీ గోట్‌హర్డ్’లో గొంతు కిందికీ పైకీ గంతులేసే చోట అండర్‌వుడ్ ఎంత హాయిగా పాడిందో! అమెరికా పల్లెపాటల బాణీ అయిన కంట్రీ సంగీతంలో పెరిగిన గొంతుకు అది కొట్టిన పిండి.

మఠాధిపతి అయిన మదర్ అబెస్ దగ్గరికి వస్తే తీర్పు తలకిందులవుతుంది. సినిమాలో ‘క్లైమ్ ఎవ్‌రీ మౌంటెన్’కు పెగీ వుడ్ పెదవులు కదిపితే, పాడింది మార్జరీ మెకే. ప్లేబ్యాక్ మనకు తప్పేమీ కాదు, ఎన్టీఆర్‌కూ ఏఎన్నార్‌కూ ఘంటసాలే పాడితే తరాల తరబడి మురిసిపోయాం. అయితే ఈ పాట ఎదురుగా కూర్చున్న పిల్లకు ధైర్యం చెప్పే పాట. సినిమాలో ఆ ముఖం చాలాసేపు నీడలోనే ఉంటుంది, గొంతు దూరం నుంచి వచ్చినట్టుంటుంది. టీవీలో ఆడ్రా మెక్‌డొనాల్డ్ మారియాకు నచ్చజెబుతున్నట్టు చిన్న గొంతుతో మొదలుపెట్టి, చివరి చరణం దాకా బలాన్ని దాచుకుంటుంది. పై స్థాయికి వెళ్లాక కూడా గొంతు పలచబడదు, మాట చెదరదు. న్యూయార్క్‌లోని జూలియార్డ్ కళాశాలలో పాశ్చాత్య శాస్త్రీయ గాత్రం నేర్చుకున్న మనిషి, ఆ సాధన అంతా అక్కడ తెలుస్తుంది. ఈ పాటకు టీవీదే మేలని ఎవరితోనైనా వాదిస్తాను.

‘మై ఫేవరిట్ థింగ్స్’ను టీవీలో మారియా, మదర్ అబెస్ కలిసి పాడతారు. ఇదేం మార్పు అని చాలామంది విసుక్కున్నారు. నిజానికి సినిమాకు మూలమైన 1959 నాటి న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకంలో ఉన్నది అలాగే, మారియా తన గదిలో పిల్లలకు పాడేలా మార్చింది సినిమావాళ్లే. టీవీవాళ్లు నాటకాన్నే పట్టుకున్నారు కాబట్టి దీనికి మార్కులు తగ్గించడం అన్యాయం.

కెప్టెన్‌ది పెద్ద చర్చేం కాదు. క్రిస్టఫర్ ప్లమర్‌కు బిల్ లీ పాడాడు, టీవీలో స్టీఫెన్ మోయర్ సొంతంగా పాడుకున్నాడు. మోయర్ కష్టం మెచ్చుకోవాల్సిందే. అయినా సంగీతోత్సవంలో ‘ఎడెల్‌వైస్’ మధ్యలో గొంతు పూడుకుపోయి కెప్టెన్ ఆగిపోతే మారియా అందుకునే చోట, అరువు గొంతుతోనే ప్లమర్ ఏడిపిస్తాడు. ఆ పాట సినిమాదే.