పిల్లల పంటి నొప్పికి యాంటీబయాటిక్ చీటీ రాసి పంపేస్తున్నారు, జాగ్రత్త

పిల్లలను పంటి డాక్టరుకు చూపించబోతున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. పన్నుకు ఏ వైద్యమూ చేయకుండా యాంటీబయాటిక్ రాసిచ్చి "నొప్పి తగ్గాక తీసుకురండి" అంటే, ఆ చీటీ పట్టుకుని నేరుగా మందుల షాపుకు వెళ్లకండి. ఈ రోజే వైద్యం ఎందుకు మొదలుపెట్టడం లేదో అక్కడే అడగండి.

మా ఐదేళ్ల పాపకు కింది దవడలో పాలపన్ను పుచ్చింది. రాత్రయితే నొప్పితో నిద్ర ఉండేది కాదు. మేము వెళ్లిన క్లినిక్ పేరు రాయడం లేదు. డాక్టరు టార్చిలైటు వేసి ఒకసారి నోట్లోకి చూశారు. ఎక్స్-రే తీయలేదు, పాప బరువు చూడలేదు, జ్వరం ఉందా అని కూడా అడగలేదు. పాపకు జ్వరం లేదు, ముఖంపై వాపూ లేదు. అయినా యాంటీబయాటిక్ సిరప్, రెండు రకాల నొప్పి మందులు రాశారు. కోర్సు మొత్తం వాడినా నొప్పి తగ్గలేదు. మళ్లీ వెళితే పన్ను జోలికి పోకుండా ఇంకో బలమైన యాంటీబయాటిక్‌కు మార్చారు. అది మొదలుపెట్టాక పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. చివరికి మరోచోట పిల్లల దంతవైద్యురాలు పన్ను తెరిచి, లోపల చెడిన గుజ్జు (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) తీసి, శుభ్రం చేసి మూశారు. ఆ రాత్రే పాప హాయిగా నిద్రపోయింది.

ఆమె వివరించాక నాకు కోపం ఇంకా పెరిగింది. పుచ్చు లోపలికి దిగి పంటి గుజ్జు వాచినప్పుడు వచ్చే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. గుజ్జు చచ్చిపోతే దానికి రక్తప్రసరణే ఉండదు, ఇక రక్తం ద్వారా చేరాల్సిన మందు అక్కడికి ఎలా వెళుతుంది? పన్ను తెరిచి శుభ్రం చేయాలి, లేదా తీసేయాలి. చిగురు మీద చిన్న చీముపొక్కు ఉండి, పిల్లవాడు మామూలుగా ఉన్నా ఇదే మాట. ఇదేమీ ఎవరో ఒక్కరి అభిప్రాయం కాదు, అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ మార్గదర్శకాలు కూడా ఇలాగే చెబుతాయి.

అయితే యాంటీబయాటిక్ తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి. బుగ్గ లేదా దవడ వాచి జ్వరం వస్తే, బిడ్డ నీరసపడితే ఆలస్యం చేయకూడదు. వాపు కంటివైపు లేదా గొంతు కిందికి పాకినా, మింగడం, నోరు తెరవడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా క్లినిక్ తెరిచేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అప్పుడు కూడా మందుతో పాటు పన్నుకు వైద్యం జరగాల్సిందే.

ఇక చీటీ సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మా చీటీలో సిరప్ పేరు, పక్కన "5 మి.లీ. మూడు పూటలు" అని మాత్రమే ఉంది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ 5 మి.లీ.కి 125 మి.గ్రా. బలంతోనూ, 250 మి.గ్రా. బలంతోనూ దొరుకుతుంది. సీసా మారితే అదే 5 మి.లీ.లో మందు రెట్టింపు అవుతుంది. షాపులో ఫార్మసిస్టు ఏ బలం ఇవ్వాలని అడగబట్టి ఆ లోపం బయటపడింది. పిల్లల మోతాదు బరువును బట్టి లెక్కకట్టాలి. చీటీపై బరువు, ఒక్కో మోతాదుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు అన్నవి రాయించుకోండి.

నొప్పి మందుల్లో ఇంకో ప్రమాదం. రాసిన రెండింటిలో ఒకటి పారాసెటమాల్, రెండోది ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిపిన సిరప్. పేర్లు వేరు కాబట్టి రెండూ పోస్తే పారాసెటమాల్ రెండుసార్లు పడుతుంది, మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. పారాసెటమాల్ సాధారణంగా కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా., రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు. మీ బిడ్డకు ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. సీసా మీద పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల జాబితా చదవండి. వంటింటి చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో కొలవండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మందులు 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే చెప్పింది. రెండేళ్లలోపు బిడ్డల చిగుళ్లకు నొప్పి తెలియకుండా పూసే బెంజోకెయిన్ జెల్ కూడా వద్దు.

మా రెండు చీటీల నకళ్లు, సీసాల ఫొటోలు జతచేసి ఆ క్లినిక్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. బరువు చూడకుండా మోతాదు ఎలా రాశారని అడిగాం. ఇప్పటివరకు సమాధానం లేదు. మీ దగ్గర ఇలాంటి చీటీలు ఉంటే పారేయకండి, మరో డాక్టరుకు చూపించేటప్పుడు వాటినీ తీసుకువెళ్లండి.